అమ్మ కంచం ఖాళీగా ఉన్న నలభై నిమిషాలు

ప్రశ్న: నేను హనుమకొండలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ని. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మా బాపుకు డెబ్బై ఏండ్లు నిండిన సందర్భంగా, పోయిన శనివారం రాత్రి తొమ్మిది మందిమి కలిసి, పదిహేడేండ్లుగా అలవాటైన హోటలుకే భోజనానికి వెళ్లాం. నా పెళ్లి ఖాయమైన రోజున రెండు కుటుంబాలవాళ్లం కలిసి తిన్నది కూడా అక్కడే. ఎనిమిది గంటలకు టేబుల్ కావాలని ముందే ఫోన్ చేసి చెప్పినా ఇరవై అయిదు నిమిషాలు బయట నిలబడ్డాం. అడగకుండానే నీళ్ల సీసాల మూతలు తీసి పెట్టారు, ఇరవై రూపాయల సీసాకు నలభై వేశారు. రుమాలీ రోటీలు చల్లారి వచ్చాయి. అమ్మ శనివారం నీసు ముట్టదు కాబట్టి ఆమెకు వెజ్ బిర్యానీ చెబితే, మొదట వచ్చిన ప్లేటులో కోడి ముక్క కనిపించింది. దాన్ని వెనక్కి పంపి మరొకటి తెచ్చేసరికి నలభై నిమిషాలైంది. ఇంతలో వడ్డించే కుర్రవాడి చేతిలోని సాలన్ గిన్నె ఒరిగి బాపు కట్టుకున్న కొత్త తెల్ల పంచె మీద పడింది. మా బావ లేచి హోటలంతా వినిపించేలా ఆ కుర్రవాణ్ని తిట్టారు. అక్క కూతురు అదంతా ఫోనులో వీడియో తీసింది. బిల్లులో మాకు రాని ఖుబానీ కా మీఠా రెండు ప్లేట్లు, సర్వీస్ చార్జి పేరుతో అయిదు శాతం కూడా ఉన్నాయి. గొడవ ఇంకా పెరుగుతుందని మాట్లాడకుండా కట్టేశాను. ఇంటికి వచ్చేదాకా బాపు ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు మేనకోడలు ఆ వీడియోతో సహా ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూ పెడతానంటోంది. బావ ఇక ఆ గడప తొక్కొద్దంటున్నారు. యజమానికి చెబుదామంటే ఆ కుర్రవాడి పని పోతుందేమోనని భయంగా ఉంది. నేను ఏం చేయాలి? — ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇచ్చాను గానీ, పూర్తి పాఠంలో మీరు పంచె గురించి ఒక పేజీ, బావగారి కోపం గురించి మరో పేజీ రాసి, అమ్మగారి ప్లేటు గురించి మాత్రం రెండు వాక్యాలతో సరిపెట్టారు. ఆ రాత్రి జరిగినవాటిలో నా మనసుకు అన్నిటికంటే బరువుగా తోచింది అదే. పంచె మీద పడిన సాలన్ అందరి కళ్లకూ కనిపించింది కాబట్టి ఇంట్లో ఇప్పటికీ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. ఖాళీ కంచం ముందు నలభై నిమిషాలు కూర్చున్న మనిషి మాత్రం ఎవరి మాటల్లోకీ రావడం లేదు. బహుశా ఆమె ‘నాకేం ఆకలిగా లేదు బిడ్డా, మీరు తినుండ్రి, చల్లారిపోతది’ అని ఉంటారు. మన ఇళ్లలో అమ్మలు అలవాటుగా అనే మాట అది, మనం అడ్డు చెప్పకుండా నమ్మేసే మాట కూడా అదే. రెండో ప్లేటు వచ్చేసరికి మిగతా ఎనిమిది మందీ చేతులు కడుక్కోవడానికి లేచి ఉంటారు, అందరూ తన కోసం ఎదురుచూస్తున్నారన్న తొందరలో ఆమె నాలుగు ముద్దలు తిని చాలని ఉంటారు. నేను ఊహిస్తున్నది తప్పైతే సంతోషమే. మీరు అడిగిన వరుసను మాత్రం మార్చి, ఆ ప్లేటుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దాని సంగతి తేలితే మిగిలినవాటిలో ఏది ఎవరి తప్పో కూడా సులభంగా తేలుతుంది.

మా మేనమామ వరంగల్ స్టేషను దగ్గరి ఒక హోటల్లో చాలా ఏండ్లు కెప్టెనుగా, అంటే టేబుళ్ల దగ్గర ఆర్డర్లు రాసుకుని వడ్డన చూసుకునే మనిషిగా పనిచేశారు. ఆయన ద్వారా నాకు వంటగది లోపలి సంగతులు కొన్ని తెలుసు. మనం టేబుల్ దగ్గర చెప్పేదంతా ఒకే ఆర్డరు అనుకుంటాం గానీ, అది చీటీగా మారి లోపలికి వెళ్లగానే ముక్కలైపోతుంది. రోటీలు తందూర్ దగ్గరికి, వేపుళ్లు చైనీస్ పొయ్యి దగ్గరికి, కూరలు మరో మాస్టరు దగ్గరికి, బిర్యానీ హండీ దగ్గరికి వెళ్తాయి. ఒక్కొక్క చోట ఒక్కొక్క వరుస నడుస్తుంది, ఎవరి పని వాళ్లు ముగించి కిటికీ దగ్గర పెడతారు. తొమ్మిది మంది కంచాలూ ఒకేసారి నిండాలన్న ఆలోచన ఆ పొయ్యిల దగ్గర ఎవరికీ ఉండదు, ఉండడం సాధ్యమూ కాదు. ఆ ఆలోచన చేయవలసినవాడు కెప్టెన్ ఒక్కడే. చికెన్ బిర్యానీ దమ్ అయిపోయిన హండీలో సిద్ధంగా ఉంటుంది కాబట్టి చీటీ వెళ్లిన నాలుగైదు నిమిషాల్లోనే ప్లేట్లలోకి వస్తుంది. వెజ్ బిర్యానీ అడిగేవాళ్లు తక్కువ కనుక చాలాచోట్ల దాన్ని చీటీ వచ్చాకే చిన్న గిన్నెలో విడిగా కలుపుతారు. ఒకే టేబుల్ మీద ఎనిమిది ప్లేట్లు వచ్చి తొమ్మిదోది రాకపోవడానికి చాలావరకు కారణం ఇదే.

మొదటి ప్లేటులో కోడి ముక్క రావడం సంగతి వేరు. బిర్యానీ ప్లేటు పైనుంచి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి, పైన అన్నం, అడుగున ముక్క. కిటికీ దగ్గర పెట్టేవాడు ‘ఇది వెజ్’ అని అందిస్తే, మోసుకొచ్చే కుర్రవాడికి చేయి పెట్టి చూసే అధికారం గానీ అవకాశం గానీ లేదు. అంటే ఆ తప్పు వంటగది లోపల జరిగింది, ప్లేటు పెట్టిన చేయిదే బాధ్యత. తర్వాతి నలభై నిమిషాలు మాత్రం పూర్తిగా కెప్టెన్ తప్పు. ప్లేటు వెనక్కి వెళ్లినప్పుడు కొత్త చీటీ రాయకుండా నోటితో ‘ఒక వెజ్’ అని అరిచి వదిలేస్తే, శనివారం రాత్రి రద్దీలో ఆ మాట ఎవరి చెవినా పడదు. చీటీ రాసినా అది వరుసలో చివరన చేరుతుంది. తప్పు తమదైనప్పుడు ఆ చీటీని అన్నిటికంటే ముందు పెట్టించడం కెప్టెన్ కనీస ధర్మమని మా మామ అనేవారు. తప్పు ప్లేటు తిరిగి వచ్చిన రోజున ఆయన స్వయంగా పొయ్యి దగ్గర నిలబడి చేయించుకుని, తానే మోసుకొచ్చి పెట్టేవారట.

శనివారం నియమం పాటించే మనిషి ముందు మాంసం ప్లేటు పెట్టడాన్ని మీరు మిగతావాటితో కలిపి చిన్న పొరపాట్ల జాబితాలో వేశారు. నేను వేయలేను. ముక్క కనిపించింది కాబట్టి సరిపోయింది. మెతుకుల్లో కలిసిపోయి కనిపించకుండా ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. యజమానికి చెప్పవలసినవాటిలో మొదటిది ఇదే కావాలి, ఎందుకంటే ఇది రేపు మరొక ఇంటి అమ్మకు జరగవచ్చు.

మీరు మౌనంగా ఉండడం తప్పా అని కూడా పూర్తి ఉత్తరంలో అడిగారు. బిల్లు దగ్గర మౌనం వహించినందుకు మిమ్మల్ని పెద్దగా తప్పుపట్టను, అప్పటికే బావగారు కేకలు వేసి ఉన్నారు, చుట్టుపక్కల టేబుళ్లవాళ్లు చూస్తున్నారు, బాపుగారి పంచె తడిసి ఉంది. కానీ ప్లేటు వెనక్కి వెళ్లిన పది నిమిషాల తర్వాత మీరు లేచి కెప్టెన్ దగ్గరికి వెళ్లి మాట్లాడవలసింది. కూర్చున్నచోటి నుంచి పిలవడం కంటే లేచి వెళ్లి, గొంతు తగ్గించి చెప్పడమే ఎక్కువ పనిచేస్తుంది. ‘మా అమ్మ ఒక్కతే తినకుండా కూర్చుంది, వెజ్ బిర్యానీకి ఇంకా ఎంతసేపు పడుతుందో నిజం చెప్పండి, ఆలస్యమయ్యేటట్లయితే వెంటనే ఇవ్వగలిగింది ఏదుంటే అది ఇవ్వండి’ అని అడిగితే చాలు. ఏ హోటల్లోనైనా అన్నం, పప్పు, పెరుగు లాంటివి సిద్ధంగా ఉంటాయి, అవి అయిదు నిమిషాల్లో వస్తాయి. ఆమె కోరుకున్నది అది కాకపోవచ్చు గానీ, నలుగురు తింటున్నప్పుడు ఆమె కూడా తింటూ ఉండేది. లేదా మీలో ఒకరిద్దరైనా మీ ప్లేటు పక్కకు జరిపి ఆమె కోసం ఆగవలసింది. ఇది మాత్రం హోటలువాళ్ల బాధ్యత కాదు, మీ ఇంటిదే. ఇంత కఠినంగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి.

ఇక సాలన్. చేతిలో గిన్నె ఒరగడం పొరపాటు, దానికి మనిషిని నిందించడానికి ముందు ఆ చేయి ఎన్ని గంటల నుంచి మోస్తోందో కూడా తెలుసుకోవాలి. మన హోటళ్లలో వడ్డించే పిల్లల్లో చాలామంది ఒడిశా, బెంగాల్, అస్సాం, జార్ఖండ్ వంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు. పొద్దున పదకొండుకు డ్యూటీ ఎక్కి, మధ్యాహ్నం కాసేపు విరామం దొరికితే తీసుకుని, రాత్రి పదకొండు దాటాక అందరూ తిన్న తర్వాత తినేవాళ్లు. మీరు పూర్తి ఉత్తరంలో అతనికి తెలుగు సరిగా రాదని కూడా రాశారు. తెలుగు సరిగా రానివాణ్ని తెలుగులో తిడితే, మాట అర్థం కాకపోయినా నిండు హోటల్లో తన పరువు పోతోందన్నది అతనికి పూర్తిగా అర్థమవుతుంది. కొన్నిచోట్ల పగిలిన గిన్నెకూ, వాపసు వచ్చిన ప్లేటుకూ జీతంలో కోత పెడతారని మా మామే చెప్పేవారు. మీ భయం వట్టిది కాదు.

మీ బాపుగారు ఇంటిదాకా ఎందుకు మాట్లాడలేదో మీరు పంచెతో ముడిపెట్టి చూస్తున్నారు. ఆయన కండక్టరుగా చేశారని మీరే రాశారు. చిల్లర దగ్గరా, స్టేజీ దాటి దిగినచోటా, జాతర రోజుల్లో మేడారం బస్సుల్లో కాలు పెట్టే సందు లేనప్పుడూ, తాను చేయని ఆలస్యానికి నిండు బస్సులో ఎన్ని మాటలు పడి ఉంటారో ఆయనకే తెలుసు. తన పుట్టినరోజు నాడు, తన పంచె పేరు చెప్పి, తన అల్లుడు ఒక పనివాణ్ని అలా తిట్టడం ఆయనకు నచ్చకపోయి ఉండవచ్చు. ఇది నా ఊహ మాత్రమే కాబట్టి దీన్ని ఆయనకు అంటగట్టకండి. తీరిగ్గా ఉన్నప్పుడు పక్కన కూర్చుని ‘ఆ రోజు నీకేమనిపించింది బాపూ’ అని అడగండి. ఆ హోటలుతో ఏం చేయాలన్నది తేల్చే ముందు, ఎవరి కోసం వెళ్లారో ఆయన మాటా, ఎవరు ఆకలితో కూర్చున్నారో ఆమె మాటా తెలియాలి. ఇప్పటిదాకా మీ ఉత్తరంలో బావగారి మాట, మేనకోడలి మాట మాత్రమే ఉన్నాయి.

పంచె సంగతి కూడా చెబుతాను, కొత్తది అన్నారు కాబట్టి. సాలన్ మరకలో నూనె ఒకటి, పసుపు ఒకటి, రెండిటికీ వేర్వేరుగా చూడాలి. నూనె ఉన్నచోట పౌడరో శనగపిండో చల్లి కొంతసేపు ఉంచి దులిపేశాక, సబ్బుతో ఉతకాలి. సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రబడుతుంది, చూసి బెదరకండి, సబ్బులోని క్షారానికి పసుపు అలాగే మారుతుంది. బాగా జాడించి నేరుగా ఎండలో ఆరేస్తే పసుపు రంగు వెలుతురుకే విరిగిపోతుంది. ఒక్కసారికి పోకపోతే తడిపి మళ్లీ రెండు మూడు రోజులు ఎండబెట్టండి. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ మాత్రం చేయకండి.

మేనకోడలి వీడియో గురించి నా మాట స్పష్టంగా ఉంది: దాన్ని ఎక్కడా పెట్టకూడదు, ఎవరికీ పంపకూడదు, ఫోనులోంచి తీసేయాలి. ఆ వీడియోలో హోటలు చేసిన తప్పులు ఏవీ లేవు. వెజ్ బదులు చికెన్ వచ్చిన ప్లేటు లేదు, నలభై నిమిషాల నిరీక్షణ లేదు, బిల్లు లేదు. ఉన్నది తల వంచుకుని నిలబడిన ఒక కుర్రవాడి ముఖం, దాని మీద ఒక పెద్దమనిషి కేకలు. చూసేవాళ్లకు మిగిలేది అంతే, అది ఒకసారి చేతులు మారితే వెనక్కి రాదు. అందులో మీ బావగారు ఎలా కనిపిస్తారో కూడా ఆ అమ్మాయికి నెమ్మదిగా చెప్పండి. పిల్ల మీద కోప్పడవలసిన పని లేదు, అమ్మమ్మకు అన్యాయం జరిగిందన్న బాధతోనే ఆమె ఆ ఫోను తీసి ఉంటుంది. ఆ బాధను సరైన చోటికి మళ్లించవచ్చు.

రివ్యూ రాయడం మీ హక్కు, దాన్ని నేను కాదనను. కానీ పదిహేడేండ్ల పరిచయం ఉన్నచోట ముందు మనిషితో మాట్లాడి, ఏం చేస్తారో ఒక వారం చూసి, అప్పుడు రాయడం న్యాయం. రాసేటప్పుడు రోజు, వేళ, అడిగిందేమిటి, వచ్చిందేమిటి, ఎంతసేపు పట్టింది, చెప్పాక వాళ్లు ఏం చేశారు అన్నవి మాత్రం రాయమనండి. పనివాళ్ల పేర్లు, ఫొటోలు వద్దు. పదిహేడేండ్లలో వాళ్లు బాగా పెట్టిన భోజనాల సంగతి కూడా ఒక వాక్యంలో ఉండాలి, అది నిజం కాబట్టి. ఒక్క స్టార్ పెట్టి ‘చెత్త హోటల్’ అని రాస్తే అది చదివే కొత్తవాళ్లకు ఏమీ తెలియదు, సరిదిద్దుకోవాలనుకునే యజమానికీ ఏమీ తెలియదు.

ఫోను చేయవలసిన వేళ మధ్యాహ్నం నాలుగు, నాలుగున్నర మధ్య. మధ్యాహ్నపు రద్దీ తగ్గి, రాత్రి పని ఇంకా అందుకోని సమయం అది. గల్లా మీద ఎవరు కూర్చుంటే వాళ్లకు చెప్పి ఊరుకోకుండా, యజమానితోనే మాట్లాడాలని అడగండి. వీలైతే స్వయంగా వెళ్లడం ఇంకా మంచిది, పాత గిరాకీ ముఖం చూశాక మాట తీరే మారుతుంది. చెప్పేది మూడు ముక్కల్లో ఉండాలి. ఒకటి, శనివారం నియమం ఉన్న మనిషికి వెజ్ చెబితే చికెన్ వచ్చిన సంగతి, అది సరిదిద్దడానికి నలభై నిమిషాలు పట్టిన సంగతి. రెండు, రాని స్వీటుకు బిల్లు వేసిన సంగతి. మూడు, సర్వీస్ చార్జి. సాలన్ పడిన సంగతి ఆయన ఎత్తితే ‘అది అనుకోకుండా జరిగింది, దానికి ఆ పిల్లవాణ్ని ఏమీ అనవద్దు, మా తరఫున ఎవరూ అతని మీద ఫిర్యాదు చేయడం లేదు’ అని ఆ మాటలతోనే చెప్పండి. ‘అతన్ని తీసేశాను సార్’ అని ఆయన గొప్పగా చెబితే, మీరు కోరింది అది కాదని, వంటగదిలో వెజ్ ప్లేటుకు గుర్తు పెట్టించడం కోరుతున్నానని చెప్పండి. వెజ్ బిర్యానీ ప్లేటు మీద ఒక కరివేపాకు రెమ్మో, వేరే రంగు గిన్నెనో వాడడం పెద్ద ఖర్చు కాదు, దానితో మోసుకొచ్చేవాడికి కూడా చూడగానే తెలుస్తుంది.

బిల్లు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మీరు నష్టపోయింది మీరు అనుకున్నదానికంటే ఎక్కువ. మీరు పంపిన ఫొటో ప్రకారం భోజనం మొత్తం 4,860 రూపాయలు. దానిలో రాని ఖుబానీ కా మీఠా రెండు ప్లేట్లకు 260 రూపాయలు కలిసి ఉన్నాయి. ఆ మొత్తం మీద అయిదు శాతం సర్వీస్ చార్జి 243 రూపాయలు వేసి, ఆ రెండూ కలిపిన 5,103 రూపాయల మీద జీఎస్టీ 5 శాతం వేశారు. మీరు కట్టింది 5,358 రూపాయలు. రాని స్వీటు తీసేసి, సర్వీస్ చార్జి తీసేసి లెక్కిస్తే 4,600 రూపాయలు, దాని మీద జీఎస్టీ 230, మొత్తం 4,830. తేడా 528 రూపాయలు.

ఇందులో జీఎస్టీ ప్రభుత్వానికి చేరే పన్ను, కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర శాతం చొప్పున బిల్లులో విడిగా కనిపిస్తుంది, దాన్ని కట్టక తప్పదు. సర్వీస్ చార్జి పన్ను కాదు. అది హోటలు తన కోసం వేసుకునే మొత్తం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీస్ చార్జిని తమంతట తాము బిల్లులో కలపకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు, కట్టమని ఒత్తిడి చేయకూడదు, దాన్ని భోజనం ఖర్చుతో కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. ఇవ్వడం ఇవ్వకపోవడం తినేవాళ్ల ఇష్టం. హోటళ్ల సంఘాలు దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేస్తే మొదట స్టే వచ్చింది గానీ, 2025 మార్చి 28న ఆ కోర్టు మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పు ఇచ్చింది. కాబట్టి బిల్లు టేబుల్ మీదికి రాగానే ‘సర్వీస్ చార్జి తీసేసి మళ్లీ బిల్లు ఇవ్వండి’ అని అడగడంలో మొహమాటపడవలసింది ఏమీ లేదు. ఇది పిసినారితనంగా కనిపిస్తుందేమోనని మనవాళ్లు జంకుతారు. వడ్డించినవాడికి ఏదైనా ఇవ్వాలనిపిస్తే అతని చేతిలోనే పెట్టండి, బిల్లులో వేసిన 243 రూపాయల్లో అతనికి ఎంత చేరుతుందో మనకు తెలియదు.

డబ్బు కట్టేసినంత మాత్రాన హక్కు పోలేదు. బిల్లు నంబరు, తేదీ చెప్పి 528 రూపాయలు వాపసు అడగండి. చాలామంది యజమానులు ఈ మాట దగ్గరే ఒప్పుకుని యూపీఐలో పంపేస్తారు. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు, వాళ్లు హోటలుకు పంపి జవాబు అడుగుతారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేండ్లలోపు వేయవచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు ఫీజు కూడా లేదు. అయితే నా సలహా అడిగితే, మొదటి ఫోను దగ్గరే ఇది ముగిసేలా చూడండి. అయిదొందల రూపాయల కోసం పాత పరిచయాన్ని కమిషన్ దాకా లాగమని నేను చెప్పను. మూడుసార్లు అడిగినా మర్యాదగా జవాబు చెప్పకపోతే మాత్రం తప్పకుండా 1915కు చెప్పండి.

నీళ్ల సీసా విషయంలో చట్టం మీరు అనుకున్నట్లు లేదు. సీసా మీద ముద్రించిన ధరకే అమ్మాలన్న నిబంధన, కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లకూ రెస్టారెంట్లకూ వర్తించదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు చెప్పింది, అక్కడ నీటితోపాటు కూర్చునే చోటూ వడ్డనా కలిసి ఉంటాయన్నది కారణం. నలభై వేశారని వాదించి లాభం లేదు. కూర్చోగానే ‘సీసాలు వద్దు తమ్మీ, జగ్గులో మామూలు నీళ్లు ఇవ్వు’ అని చెప్పాలి, మూత తీయకముందే. రుమాలీ రోటీ పలుచనిది కాబట్టి రెండు మూడు నిమిషాల్లోనే బిరుసెక్కుతుంది, తొమ్మిది మందికి ఒకేసారి చెబితే చివరి రోటీ వచ్చేసరికి మొదటిది చల్లారడం ఖాయం. రెండేసి, మూడేసి చొప్పున తెప్పించుకోవాలి. టేబుల్ కోసం నిలబడిన ఇరవై అయిదు నిమిషాల గురించి ఎక్కువ చెప్పను. తొమ్మిది మందికి రెండు మూడు టేబుళ్లు కలపాలి, ముందు కూర్చున్నవాళ్లను లేపలేరు, శనివారం రాత్రి ఎనిమిదింటికి హనుమకొండలో ఏ పేరున్న హోటల్లోనైనా ఇదే పరిస్థితి.

మళ్లీ వెళ్లాలా అంటే, నేనైతే ఒకసారి వెళ్తాను. పదిహేడేండ్లలో ఒక చెడ్డ రాత్రి, అదీ శనివారం రాత్రి, ఒక చోటును వదులుకోవడానికి చాలదని నా అభిప్రాయం. యజమాని మీ మాట విని ఏం చేశాడన్నది ఒకసారి వెళ్తేనే తెలుస్తుంది కూడా. బావగారిని బలవంతపెట్టకండి, రానంటే వదిలేయండి. మీ భార్య, బాపు, అమ్మ, మీరు నలుగురే చాలు. మంగళవారమో బుధవారమో, ఏడు గంటలకల్లా వెళ్లండి. అమ్మగారిని ఆ రోజు ఏం తినాలనుందో ముందు ఆమెనే అడగండి, ‘మీకేది ఇష్టమైతే అది’ అని అంటే ఊరుకోకుండా రెండోసారి అడగండి. కెప్టెన్ రాగానే ఆమె చెప్పినదాన్నే మొదట రాయించి, అది వచ్చాకే మిగిలినవి తెమ్మని చెప్పండి. ఆమె కంచంలోకి వచ్చేదాకా మీరు ముగ్గురూ చేయి పెట్టకండి. ఆ కుర్రవాడు అక్కడే ఉంటే, వెళ్లేటప్పుడు బాపుగారే అతనితో ఒక మాట మాట్లాడతారేమో చూడండి. మీరు ముందుకు తోయకండి, ఆయనకు తోస్తే ఆయనే పలకరిస్తారు.